మంచి పేరుతో వచ్చిన విషము – కొకెయిన్ కథ

(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున తలిదండ్రుల సభయందు చేసిన ఉపన్యాసము)



వార్షికోత్సవ సభలలో విద్యనుగూర్చియు, మాతృభాషనుగూర్చియు, క్రమశిక్షణనుగూర్చియు ఉపన్యసించుట వాడుక. పిల్లలకు బహుమతులు పంచిపెట్టు దినమున ఒక విషమునుగూర్చి మాటలాడుట కొందరికి అమంగళముగ తోచవచ్చును. అయినను, కొకెయిన్ అను మాదకద్రవ్యమునుగూర్చి తలిదండ్రులకు తెలుగున వివరింపవలసినదని కార్యదర్శిగారు కోరినప్పుడు నేను వెంటనే అంగీకరించితిని. ఏలయన, ఈ పేరు మన పిల్లలకు క్రొత్తది కాదు. వారు దీనిని వార్తలలో చదువుచున్నారు, చలనచిత్రములలో చూచుచున్నారు, చేతిలోని ఫోనులో వినుచున్నారు. వారికి తెలిసినదానిలో కొంత నిజము, కొంత కల్పన. పెద్దలమైన మనకు తెలిసినది చాలవరకు భయము మాత్రమే. పిల్లవాడు ప్రశ్న అడిగినప్పుడు మన భయము వానికి సమాధానము కానేరదు. కావున ఈ వస్తువు ఎచటినుండి వచ్చినది, ఎవరిని ఎట్లు వంచించినది, శరీరమున ఏమి చేయును, ఇంటిలోనివారు ఏమి చేయవలెను అను నాలుగు సంగతులను క్రమముగ చెప్పుటకు యత్నించెదను.

ముందుగ ఒక మాట. మిమ్ములను అకారణముగ బెదరించుట నా ఉద్దేశము కాదు. కేంద్రప్రభుత్వ సాంఘిక న్యాయ మంత్రిత్వశాఖ పక్షమున ఢిల్లీలోని అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థవారు జరిపి 2019లో ప్రకటించిన పరిశీలన ప్రకారము, మన దేశమున 10 మొదలు 75 సంవత్సరముల వయస్సు గలవారిలో కొకెయిన్ వాడువారు సుమారు 10 లక్షల 70 వేలమంది. అనగా వేయిమందికి ఒకరు. ఆ లెక్కలోనే మద్యము సేవించువారు సుమారు 16 కోట్లమంది. కావున మన వీధిలో ప్రతి రెండవ ఇంటిని ఈ పొడి ఆవరించియున్నదని ఎవరును అనుకొనవలదు. అట్లయిన దీనినే ఏల ఎన్నుకొనవలెనందురా? చదువు, వంశము, ధనము, కీర్తి – వీనిలో ఏ ఒక్కటియు మాదకద్రవ్యమునకు కవచము కాదని నిరూపించుటకు దీని చరిత్రను మించిన సాక్ష్యము వేరొకటి లేదు. ‘మా పిల్లవాడు బుద్ధిమంతుడు, మా ఇంట అటువంటివి లేవు’ అని నిశ్చింతగ నుండు తలిదండ్రులు ఈ చరిత్రను తప్పక వినవలెను.

దక్షిణ అమెరికా ఖండమున ఆండీస్ అను మహాపర్వతశ్రేణి కలదు. పెరూ, బొలీవియా, కొలంబియా దేశములందలి కొండవాలులలో కోకా అను పొద పెరుగును. దాని ఆకును అచటి ప్రజలు వేలకొలది సంవత్సరములుగ నమలుచున్నారు. మనము తమలపాకునకు సున్నము రాచినట్లే, వారును సున్నమునో, మొక్కలను కాల్చిన బూడిదనో ఆ ఆకుతో చేర్చుకొందురు. ఆకలిని, అలసటను, ఎత్తైన ప్రదేశములందు గాలి పలుచనగుటచే కలుగు బాధను అది కొంత తగ్గించునని వారి అనుభవము. వారి పూజలలోను, అతిథిమర్యాదలలోను ఆ ఆకునకు స్థానము కలదు. ఎండిన ఆకులో కొకెయిన్ పాలు సాధారణముగ నూటికి ఒకవంతు కంటె తక్కువ. నమలునప్పుడు అదియు మెల్లమెల్లగ రక్తమున చేరును.

పదునారవ శతాబ్దమున స్పెయిన్ దేశస్థులు ఆ భూములను జయించిరి. మొదట వారి మతగురువులు ఈ ఆకును దయ్యపు సొమ్మని నిందించిరి. కాని, పొటోసీ వెండిగనులలోనికి దించిన కూలీలు ఆకు నమలినచో అరకొర తిండితో అధికకాలము పాటుపడుదురని కనుగొన్నంతనే ఆ నింద సద్దుమణిగినది; ఆకు వ్యాపారముపై పన్నులు వసూలగుటయు మొదలైనది. ఆకలిని తీర్చు పదార్థము వేరు, ఆకలిని తెలియనీయని పదార్థము వేరు. ఈ రెండవదానివలన లాభము పొందినవాడు కూలివాడు కాడు, వానిచేత పనిచేయించుకొన్న యజమాని. ఈ వస్తువు చరిత్ర పొడవునను ఈ భేదము మనకు కనబడుచునే యుండును.

1860వ సంవత్సర ప్రాంతమున జర్మనీలోని గోటింగెన్ నగరమున ఆల్బర్ట్ నీమన్ అను యువ రసాయనశాస్త్రజ్ఞుడు, నోవారా అను ఆస్ట్రియా నౌకపై వచ్చిన కోకా ఆకులనుండి తెల్లని స్ఫటికములను వేరుచేసి, వానికి కొకెయిన్ అని పేరు పెట్టెను. వానిని నాలుకపై నుంచినచో ఆ చోటు మొద్దుబారుచున్నదని కూడ వ్రాసెను. బుట్టెడు ఆకులో చెదరియున్న శక్తి చిటికెడు పొడిలోనికి చేరినది. చెరకురసము తీసినవానికిని, సారా దించినవానికిని చేతిలో నున్నది ఒకే వస్తువు కానట్లే, ఆకును పొడియు ఒకే వస్తువు కావు.

ఈ పొడివలన లోకమునకు ఒక గొప్ప మేలు జరిగినమాట దాచరాదు. 1884లో వియన్నా నగర వైద్యశాలలో కార్ల్ కోలర్ అను యువవైద్యుడు కొకెయిన్ ద్రావణమును కంటిలో చుక్కలుగ వేసినచో కన్ను స్పర్శజ్ఞానము కోల్పోవునని కనిపెట్టెను. ముందు జంతువులపైనను, పిదప తన కంటిపైనను పరీక్షించెను. అదివరకు కంటికి శస్త్రచికిత్స యనగా రోగికి నరకయాతన. మెలకువగ నున్న మనిషి కంటిలో కత్తి పెట్టవలసివచ్చెడిది. ఆ సెప్టెంబరులోనే హైడెల్‌బర్గ్ నేత్రవైద్యుల సభలో ఆయన ప్రయోగమును ప్రదర్శించిరి. కొలది మాసములలో ఆ వార్త ఖండాంతరములకు ప్రాకినది. స్థానికముగ మత్తునిచ్చు వైద్యమునకు అదియే నాంది. తరువాత 1905 నాటికి నోవొకెయిన్, 1940వ దశకమున లిగ్నొకెయిన్ అను సురక్షితమైన మందులు వచ్చినవి. నేడు పన్ను పీకునప్పుడు దంతవైద్యుడు పొడుచు సూదిమందు ఈ మార్గమున వచ్చినదే. మొద్దుబార్చు గుణము దానియందు నిలిచినది, వ్యసనము కలిగించు గుణము తొలగినది. విజ్ఞానము చేయవలసిన పని అది.

కాని ఆ 1884లోనే, ఆ వియన్నాలోనే, ఈ కథలోని రెండవ పుట తెరవబడినది. పిమ్మట మనస్తత్వశాస్త్రమున జగద్విఖ్యాతుడైన సిగ్మండ్ ఫ్రాయిడ్ అప్పటికి ఇరువదెనిమిదేండ్ల యువవైద్యుడు. అతడు కోకానుగూర్చి ఒక వ్యాసము ప్రకటించి, అలసటకును, దిగులునకును, అజీర్ణమునకును, తుదకు మార్ఫీను వ్యసనమునకును ఇది మందు కాగలదని ప్రశంసించెను. ఆయనకు ఎర్నెస్ట్ ఫాన్ ఫ్లైష్ల్-మార్క్సో అను ప్రతిభావంతుడైన శాస్త్రజ్ఞుడు మిత్రుడు. శవపరీక్ష చేయుచుండగ బొటనవ్రేలికి విషము సోకి, ఆ వ్రేలిని కోసివేయవలసివచ్చినది. పిదప నరముల బాధ భరింపలేక ఆయన మార్ఫీనునకు అలవాటుపడెను. ఆ అలవాటును మాన్పుటకై ఫ్రాయిడ్ సదుద్దేశముతోనే కొకెయిన్ ఇచ్చెను. ఫలితమేమి? ఒక సంకెల తెగకుండగనే రెండవ సంకెల తగుల్కొన్నది. ఫ్లైష్ల్ దినదినమునకు మోతాదు పెంచుకొని, చర్మముపై పాములును పురుగులును ప్రాకుచున్నవను భ్రాంతికి లోనై, 1891లో 45 సంవత్సరముల వయస్సున మరణించెను. ఇట్టి సంఘటనలు చూచి ఎర్లెన్మెయర్ అను జర్మను వైద్యుడు మద్యమునకు, మార్ఫీనునకు తోడుగ మానవజాతిపై పడిన మూడవ పీడ ఇదియని హెచ్చరించెను. ఆ హెచ్చరికను విన్నవారికంటె ఆ ప్రశంసను విన్నవారే అధికులు.

అమెరికాలో విలియం హాల్‌స్టెడ్ అను శస్త్రవైద్యుని చరిత్రయు ఇట్టిదే. నరముదగ్గర కొకెయిన్ సూదిమందు పొడిచినచో ఆ నరము వ్యాపించినంతమేర నొప్పి తెలియకుండ శస్త్రచికిత్స చేయవచ్చునని ఆయన కనుగొనెను. దానికై తనపైనను, సహచరులపైనను ప్రయోగములు చేసెను. ఆ యువవైద్యులలో కొందరు ఆ అలవాటునుండి తేరుకొనకయే నశించిరి. హాల్‌స్టెడ్ దానినుండి తప్పుకొనుటకు వైద్యశాలలలో మాసములకొలది గడిపెను. పిదప జాన్స్ హాప్కిన్స్ వైద్యశాలలో ప్రధాన శస్త్రవైద్యుడై ఆధునిక శస్త్రచికిత్సకు గురువుగ కీర్తి గాంచెను. కాని మార్ఫీను అను మరియొక బంధమును జీవితాంతము రహస్యముగ మోయవలసివచ్చెను. వీరెవరును మూర్ఖులు కారు, దుర్జనులును కారు. ఆ కాలపు మేధావులలో అగ్రగణ్యులు.

వైద్యశాలలలో ఇట్లుండగ అంగడులలో ఏమి జరిగినది? 1863లో పారిస్ నగరమున ఆంజెలో మారియానీ అను వర్తకుడు ద్రాక్షసారాలో కోకా ఆకు నానబెట్టి బలవర్ధక పానీయమను పేర అమ్మనారంభించెను. అప్పటి పోప్ పదమూడవ లియో ఆయనకు స్వర్ణపతకము పంపించిరి. ప్రముఖుల ప్రశంసాపత్రములను, చిత్రములను వర్తకుడు సంపుటములుగ అచ్చువేసెను. 1886లో అమెరికాలోని అట్లాంటా నగరమున జాన్ పెంబర్టన్ అను ఔషధవ్యాపారి తయారుచేసిన కోకా-కోలా పానీయమునందును మొదట కోకా ఆకు సారము చేర్చియుండిరి. 1903 ప్రాంతమున దానిలోని కొకెయిన్‌ను తొలగించిరి. పంటినొప్పి చుక్కలు, జలుబునకు పీల్చు పొడులు – ఇట్లు ఎన్నో రూపములలో ఈ వస్తువు మందుల దుకాణమునుండి నేరుగ ఇండ్లలోనికి నడచివచ్చినది. దానికెవరును దొడ్డిదారి చూపలేదు. సింహద్వారమున హారతి పట్టి పిలిచిరి.

ఈ కథ మన దేశమును తాకకపోలేదు. పందొమ్మిదవ శతాబ్దము ముగియుచుండగ జర్మనీ కర్మాగారములలో తయారైన కొకెయిన్ కలకత్తా, బొంబాయి రేవులగుండ దిగుమతియై, ఉత్తరభారతమున పెక్కు పట్టణములకు ప్రాకినది. అచట దానిని తినిన విధము మన తెలుగువారికి మరింత బాధ కలిగించును. సున్నము రాచిన తాంబూలములో చిటికెడు పొడి వేసి నమలెడివారు. ఆండీస్ కొండలలో ఆకునకు సున్నము తోడైనట్లే, ఇచటను తెలియకయే ఆ జోడింపు జరిగినది. పెండ్లిలోను, పేరంటములోను, పండితసత్కారములోను మంగళచిహ్నమైన తాంబూలము విషమునకు వాహనమైనది. 1902లో కైలాసచంద్ర బోస్ అను కలకత్తా వైద్యుడు ఈ అలవాటువలన మనుష్యులు ఎట్లు క్షీణించుచున్నారో బ్రిటిష్ మెడికల్ జర్నల్ అను పత్రికలో వ్రాసెను. ఇరువదవ శతాబ్దారంభముననే బెంగాలు, బొంబాయి ప్రభుత్వములు వైద్యుని చీటి లేనిదే దీనిని అమ్మరాదని నిర్బంధములు విధించినవి. నిర్బంధమునకు ప్రతిఫలముగ దొంగరవాణా పెరిగినది. 1920వ దశకమున జపాను ముద్రలు గల పొట్లములు రేవులలో పట్టుబడుచుండెడివి. 1931లో వైద్యశాస్త్రవేత్త రామనాథ్ చోప్రాగారు తమ సహచరునితో కలిసి భారతదేశమున కొకెయిన్ అలవాటునుగూర్చి విపులమైన పరిశోధన ప్రకటించిరి. కావున ఇది నిన్న మొన్న పాశ్చాత్య నాగరకతతో దిగిన వింతయని అనుకొనుట పొరపాటు. మన తాతల కాలమున ఒకమారు వచ్చి సన్నగిలినదే, నేడు వేరు వేషమున తిరిగివచ్చినది.

చట్టముల సంగతి క్లుప్తముగ చెప్పెదను. 1912 హేగ్ ఒడంబడిక నల్లమందుతోపాటు కొకెయిన్‌ను గూడ అదుపుచేయ నిశ్చయించినది. 1914లో అమెరికాలోను, 1930లో మన దేశమునను చట్టములు వచ్చినవి. 1961లో ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యమున పెక్కు దేశములు ఒక ఒప్పందమునకు వచ్చినవి. 1985లో మన పార్లమెంటు నార్కోటిక్ డ్రగ్స్ అండ్ సైకోట్రోపిక్ సబ్‌స్టెన్సెస్ చట్టమును చేసినది. అయినను వ్యాపారము ఆగలేదు. 1970, 80 దశకములలో కొలంబియా ముఠాలు అపారధనము గడించినవి. ఆ దేశమున న్యాయమూర్తులు, మంత్రులు, పత్రికాసంపాదకులు హతులైరి. అమెరికాలో 1980వ దశకమధ్యమున పొగగా పీల్చు క్రాక్ అను చౌకరూపము బీదల పేటలను కుదిపివేసినది. ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్య విభాగము అంచనా ప్రకారము 2023లో ప్రపంచమున కొకెయిన్ అక్రమోత్పత్తి 3,708 టన్నులు. వాడినవారు సుమారు 2 కోట్ల 50 లక్షలమంది. ఇవి అంతకుముందెన్నడు లేని అంకెలు.

ఇక శరీరమున ఇది ఏమి చేయునో చూతము. తెలుగున మనము దీనిని మత్తుపదార్థమని పిలుచుచున్నాము. ఈ పేరువలన ఒక భ్రమ కలుగుచున్నది. మత్తనగా మనకు తూలిపడుట, మాట తడబడుట, కనులు మూతలుపడుట. కొకెయిన్ గుణము దానికి వ్యతిరేకము. ఇది నిద్రపుచ్చదు, నిద్రను హరించును. వాడినవాడు చురుకుగ, ధైర్యముగ, మాటకారిగ కనబడును. కల్లువాసనవంటి వాసనయు రాదు. కావున తూలుటను, వాసనను వెదకు తలిదండ్రులకు ఏమియు కనబడదు. ‘మావాడు ఈ మధ్య ఎంత చలాకీగ నున్నాడో’ అని సంతోషించుటకు గూడ అవకాశము కలదు.

దీని పనితీరు ఇట్టిది. మన మెదడులోని నాడీకణములు ఒకదానికొకటి కొన్ని రసాయనములద్వారా వార్తలు పంపుకొనును. వానిలో డోపమిన్ అనునది ఒకటి. ఆకలి వేళ అన్నము తిన్నప్పుడు, శ్రమించి పరీక్షలో నెగ్గినప్పుడు, ఆప్తులను చూచినప్పుడు అది కొంచెముగ వెలువడి ‘ఇది మేలైనది, మరల చేయుము’ అని మెదడునకు బోధించును. పని ముగియగనే పంపిన కణమే దానిని తిరిగి లోనికి తీసికొనును. కొకెయిన్ ఆ తిరిగిపోవు వాకిలిని మూసివేయును. వార్తాహరుడు వీధిలోనే నిలిచి తలుపులు బాదుచుండును. శ్రమ లేకయే, కారణము లేకయే, అపరిమితమైన ఉల్లాసము కలుగును. ముక్కున పీల్చిన పొడి ప్రభావము అరగంట లోపుననే తగ్గిపోవును. పొగగ పీల్చినదైనచో పదినిముషములకే. తరువాత వచ్చునది నీరసము, చిరాకు, గాఢమైన దిగులు. ఆ దిగులును పోగొట్టుకొనుటకు మరల అదియే కావలెనని మెదడు నిలదీయును. కొంతకాలమునకు అన్నము, ఆట, స్నేహము, తల్లి మాట – ఇవేవియు మునుపటివలె రుచింపవు. ‘చెప్పిన వినడు, సిగ్గు లేదు’ అని మనము కోపించు స్థితిలో వాని మెదడు ఇట్లు మార్పుచెంది యుండును.

గుండె విషయము మరింత భయంకరము. కొకెయిన్ గుండెవేగమును, రక్తపుపోటును పెంచుచునే, గుండెకు రక్తమునిచ్చు నాళములను బిగించును. పని ఎక్కువ, ఆహారము తక్కువ. అమెరికాలో 1999లో ప్రకటింపబడిన ఒక పరిశోధన ప్రకారము, కొకెయిన్ వాడిన మొదటి గంటలో గుండెపోటు వచ్చు అపాయము మామూలుకంటె 24 రెట్లు హెచ్చు. వయస్సుగాని, దేహదారుఢ్యముగాని దీనికి అడ్డు కావు. 1986 జూన్ మాసమున లెన్ బయస్ అను అమెరికా బాస్కెట్‌బాల్ క్రీడాకారుడు, దేశములోని అగ్రశ్రేణి జట్టుకు ఎన్నికైన రెండు దినములకే, కొకెయిన్ వాడుటవలన గుండెగతి తప్పి మరణించెను. ఆతని వయస్సు 22 సంవత్సరములు. పక్షవాతము, మూర్ఛలు, ముక్కు నడిమిగోడకు రంధ్రము పడుట, అనుమానములు, భ్రాంతులు కూడ దీనివలన కలుగును. మద్యముతో కలిసినచో శరీరములో కొకఎథిలిన్ అను వేరొక విషపదార్థము పుట్టి గుండెకు మరింత కీడు చేయును. అంగడిలో దొరకు పొడి శుద్ధమైనదియు కాదు. పశువుల నులిపురుగుల మందగు లెవామిసోల్ అందు కలుపుచున్నారు; అది రక్తములోని తెల్లకణములను క్షీణింపజేయును. అమెరికాలో ఫెంటనిల్ అను అతితీవ్రమైన విషము చేరినందున, 2022లో కొకెయిన్ సంబంధమైన మోతాదు మించిన మరణములు 27 వేలు దాటినవి. ‘ఒక్కమారు చూతము’ అనువాడు తానేమి పీల్చుచున్నాడో తనకే తెలియదు, అమ్మినవానికిని తెలియదు.

మన పూర్వులు సప్తవ్యసనములను లెక్కించినప్పుడు పానమును జూదమును వేటను ఒక పంక్తిలో కూర్చిరి. వ్యసనమనగా మనిషి నడవడిలోని దోషమని వారి భావన. ఆ భావన నేటికిని మన ఇండ్లలో నిలిచియున్నది. పిల్లవాడు తప్పుదారి పట్టినాడని తెలిసినప్పుడు మన మొదటి ఆలోచన ‘నలుగురికి తెలిసిన పరువేమగును?’ అనునది. ఊరుగాని ఊరిలో తరతరములుగ స్థిరపడిన మనవంటి చిన్న సమాజములలో ఈ భయము మరింత ఎక్కువ. సంఘములో అందరును అందరికి తెలిసినవారే. నేటి మాట రేపు పెండ్లిసంబంధమునకు అడ్డురావచ్చును. కావున కుటుంబము దాచును, పిల్లవాడు దాచును, రోగము ముదురును. వైద్యశాస్త్రము నేడు దీనిని చికిత్సకు లొంగు వ్యాధిగ పరిగణించుచున్నది. తొలినిర్ణయము మనిషిది కావచ్చును. కాని అలవాటు బిగిసిన పిదప తిట్లును దెబ్బలును దానిని విప్పజాలవు.

చికిత్స కలదా యని అడుగుదురు. కలదు. కొకెయిన్ వ్యసనమునకు ప్రత్యేకముగ ఆమోదింపబడిన ఔషధము నేటికిని లేదుగాని, మానసిక చికిత్సాపద్ధతులు మేలుచేయుచున్నవి. వానిలో మిక్కిలి ఫలవంతమని పరిశోధనలలో తేలిన పద్ధతి యొకటి ఈ సభకు తగినది. పరీక్షలో మందు జాడ కనబడని ప్రతిమారు రోగికి చిన్న బహుమతి ఇత్తురు. శిక్షకంటె ఇట్టి ప్రోత్సాహము మెదడునకు మరల మంచి రుచులు నేర్పుచున్నది. కేంద్రప్రభుత్వపు 14446 అను ఉచిత దూరవాణి సంఖ్యకు ఫోను చేసినచో దగ్గరి చికిత్సాకేంద్రముల వివరములు తెలుపుదురు.

చట్టములోను ఒక మార్గము కలదు. కొకెయిన్ వాడుటకు ఒక సంవత్సరమువరకు కఠినకారాగారమో, 20 వేల రూపాయలవరకు జరిమానాయో, రెండునో విధింపవచ్చును. 100 గ్రాములకు మించి కలిగియున్నచో అది వాణిజ్య పరిమాణము; శిక్ష 10 నుండి 20 సంవత్సరములు. స్నేహితుని సంచియని ఎరుగక మోసినను చిక్కులలో పడుదురని పిల్లలకు చెప్పవలెను. కాని ఆ చట్టములోని 64-ఎ విభాగము ప్రకారము, వాడుక నేరమునకుగాని, స్వల్ప పరిమాణమునకు సంబంధించిన నేరమునకుగాని గురియైన వ్యసనపీడితుడు స్వచ్ఛందముగ గుర్తింపుపొందిన కేంద్రమున చికిత్సకు చేరి దానిని పూర్తిచేసినచో అభియోగమునుండి మినహాయింపు పొందగలడు. శాసనకర్తలు సైతము ఈ ద్వారమును తెరచియుంచిరి. మన ఇంటి తలుపు దానికంటె గట్టిగ మూసియుండుట న్యాయమా?

తలిదండ్రులకు నా మనవులు మూడు. మొదటిది – గమనింపుడు, కాని నేరము మోపకుడు. రాత్రులు నిద్రలేమి, అన్నముపై అనాసక్తి, బరువు తగ్గుట, తరచు ముక్కునుండి రక్తము, పెద్దవైన కంటిపాపలు, మిక్కిలి ఉత్సాహము వెనుకనే దీర్ఘమైన నిద్రయు దిగులు, లెక్కకు అందని ఖర్చు – ఇవి కలిసి కనబడినప్పుడు విచారింపవలెను. వీనిలో ఒకటి రెండు పరీక్షాభయమువలనను, వేరు రోగములవలనను కలుగవచ్చును. కావున ముందు వైద్యుని చూపవలెను.

రెండవది – ఆపద సమయమున సత్యము చెప్పుడు. యువకునికి అకస్మాత్తుగ గుండెనొప్పియో, మూర్ఛయో, తీవ్రమైన జ్వరముతో కలవరమో వచ్చినచో తక్షణము వైద్యశాలకు చేర్పుడు. ఏమి వాడినదియు తెలిసినచో వైద్యునికి దాచకుడు. కొకెయిన్‌వలన వచ్చిన గుండెనొప్పికి మామూలుగ వాడు మందులలో కొన్నిటిని వైద్యులు జాగరూకతతో మానవలసియుండును. ఆ సమయమున పరువు కొరకు చెప్పిన అబద్ధము ప్రాణముమీదికి తెచ్చును. పిల్లల స్నేహితులకు గూడ ఈ మాట చెప్పియుంచుడు: భయపడి మిత్రుని ఒంటరిగ విడిచి పారిపోరాదు.

మూడవది మన భాషకు సంబంధించినది. మన పిల్లలు బడిలో తెలుగు చదువుచున్నారు. వీధిలో రాష్ట్రభాష, చదువులో ఇంగ్లీషు, ఇంట తెలుగు మాటలాడుచున్నారు. కాని ఇంటి తెలుగున మనము వారితో మాటలాడు సంగతులేవి? అన్నము తింటివా, మార్కులెన్ని, డబ్బెంత కావలెను – ఇంతియే. భయము, దిగులు, ఆశ, ఒంటరితనము అనువానినిగూర్చి వారు ఇతరభాషలలో ఇతరులతోనే చెప్పుకొనుచున్నారు. క్లిష్టమైన సంగతి వచ్చినప్పుడు మాతృభాష మూగవోయినచో అది పిల్లలకు పండుగభాషగ మాత్రమే మిగులును. కావున వారానికొక సాయంకాలమైనను పిల్లలతో కూర్చుండి, వారు అడిగినదానికి కోపింపక, తెలిసినది తెలిసినట్లు తెలుగుననే చెప్పుడు. కొకెయిన్ కథ చెప్పుడు. ఫ్లైష్ల్‌ను గూర్చి, హాల్‌స్టెడ్‌ను గూర్చి, తాంబూలములోని పొడిని గూర్చి చెప్పుడు. ‘తప్పు జరిగినచో మొదట మాకే చెప్పుము, మేము నీ పక్షముననే ఉందుము’ అను మాటను కీడు రాకమునుపే చెప్పియుంచుడు. ఆ మాట విన్న పిల్లవానికి కష్టకాలమున రావలసిన ఇల్లు ఏదియో తెలిసియుండును.

మన సంఘము ఈ పాఠశాలను పిల్లలకు అక్షరములు నేర్పుటకు మాత్రమే నెలకొల్పలేదు. పరభాషాప్రాంతమున మనవారు ఒకరికొకరు ఆసరాగ నుండవలెనని గూడ నెలకొల్పినది. ఏ కుటుంబమునకైన ఇట్టి ఆపద వచ్చినచో గుసగుసలు మాని, ఆ తలిదండ్రులతో కూడ చికిత్సాకేంద్రమునకు నడచిపోవు ఇద్దరు పెద్దలు మన సంఘములో ఉండవలెనని కార్యవర్గమువారిని కోరుచున్నాను. బహుమతులు పొందనున్న పిల్లలకును, ఈ ఏడు పొందకపోయిన పిల్లలకును నా ఆశీస్సులు.